పశువు, జంతువు ఒకటేనా? నిఘంటువు చెప్పింది సగమే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ అమ్మాయి బడి వ్యాసంలో ‘పులి మన జాతీయ పశువు’ అని రాసింది. టీచరు ‘పశువు’ కొట్టేసి పైన ‘జంతువు’ అని దిద్దారు. ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువు తీసి చూస్తే ‘పశువు’ ఎదురుగా ‘జంతువు’ అనే ఉంది. హిందీ పాఠ్యపుస్తకంలో అయితే పులిని ‘రాష్ట్రీయ పశు’ అనే అన్నారు. మరి తప్పు ఎవరిది? ఈ రెండు మాటలూ ఒకదాని బదులు మరొకటి వాడవచ్చా?

జవాబు ముందే చెప్పేస్తాను. తెలుగులో పశువులన్నీ జంతువులే, కానీ జంతువులన్నీ పశువులు కావు. ‘జంతువు’ సామాన్య పదం. ‘పశువు’ దాని లోపల ఒక భాగానికి మాత్రమే చెల్లే విశేష పదం. పులి జంతువు, పశువు కాదు. టీచరుగారు దిద్దింది సరైనదే. మీ నిఘంటువు అబద్ధం చెప్పలేదు గాని సగం చెప్పి ఆగిపోయింది. మీ అమ్మాయిది అజాగ్రత్త కాదు. చదివిన రెండు పుస్తకాలనూ నమ్మింది, అంతే.

నేను చాలా ఏళ్లుగా నిఘంటువుల పనిలో, అనువాదాలు సరిచూసే పనిలో ఉన్నాను. నా బల్ల మీదికి వచ్చే తప్పుల్లో పెద్ద వాటా ఇలాంటివే. పూర్తిగా వేరైన మాటను వాడితే ఎవరైనా పట్టుకుంటారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన మాటలను తారుమారు చేస్తే మాత్రం చదివేవారి కన్ను జారిపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఈ మాటలను మెట్లుగా చూడండి. అన్నిటికంటే పైన ‘జీవి’. ఇందులో మొక్కలు కూడా ఉంటాయి. దాని కింద ‘ప్రాణి’. మొక్కకూ ప్రాణం ఉందని అందరికీ తెలిసినా, వాడుకలో ప్రాణి అంటే కదిలేదే గుర్తుకొస్తుంది. దాని కింద జంతువు, ఆ కింద పశువు, ఆ కింద ఆవు, ఇంకా కింద పెయ్య. పైమెట్టుకు వెళ్లేకొద్దీ ఆ మాట కిందికి వచ్చేవి పెరుగుతాయి, అది చెప్పే సంగతి తగ్గుతుంది. ‘పెయ్య’ అంటే జాతి, వయసు, ఆడదా మగదా అన్నది కూడా తెలిసిపోతుంది. ‘జీవి’ అంటే బతికి ఉంది అన్నది తప్ప ఏమీ తెలియదు.

ఏ రెండు మాటలది ఈ సంబంధమో తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష చాలా చిన్నది. ‘అది ఒక రకం’ అని చెప్పి చూడండి. ‘పశువు ఒక రకం జంతువు’ అంటే చెవికి ఇంపుగానే ఉంది. ‘జంతువు ఒక రకం పశువు’ అంటే వెంటనే ఎదురు తిరుగుతుంది. ఒకవైపే పలికితే ఒకటి సామాన్యం, మరొకటి విశేషం. రెండువైపులా పలికితే అవి పర్యాయపదాలు. ఎటూ పలకకపోతే అవి పక్కపక్కనున్న మాటలు, పశువు, పక్షి లాగా.

రెండో పరీక్ష మార్చి చూడటం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘తోటలోకి పశువు వచ్చింది’ అన్నది నిజమైతే ‘తోటలోకి జంతువు వచ్చింది’ అన్నదీ నిజమే. కాబట్టి విశేషం స్థానంలో సామాన్యం ఎప్పుడూ చెల్లుతుందని అనుకుంటాం. కానీ వాక్యాన్ని తిప్పి చూడండి. ‘తోటలోకి పశువులు రాలేదు’ అన్నది నిజమైనంత మాత్రాన ‘తోటలోకి జంతువులు రాలేదు’ అన్నది నిజం కాదు, రాత్రి అడవిపంది వచ్చి పోయి ఉండవచ్చు. ‘కాదు’, ‘లేదు’, ‘వద్దు’ ఉన్న వాక్యంలో దారి తలకిందులవుతుంది. అక్కడ సామాన్యం నుంచి విశేషానికి దిగవచ్చు గాని పైకి ఎక్కకూడదు. గేటు మీద ‘పశువులకు ప్రవేశం లేదు’ అని ఉంటే కుక్కను వెంటబెట్టుకుని వచ్చినవారిని ఆపే హక్కు కాపలాదారుకు లేదు. ‘జంతువులకు ప్రవేశం లేదు’ అని ఉంటే ఉంది.

ఇది ఊరికే మాటల పట్టింపు కాదని నాకు తెలిసివచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట రేబీస్ గురించి ఒక కరపత్రం సరిచూడమని నాకు పంపారు. ఇంగ్లీషు మూలంలో ‘యానిమల్’ అని ఉన్న ప్రతిచోటా అనువాదకుడు ‘పశువు’ అని రాశారు. ‘పశువు కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి’ అన్నది మొదటి వాక్యం. నాకు ఇబ్బందిగా తోచినా, నాది చాదస్తమేమో అన్న అనుమానం కూడా కలిగింది. అచ్చుకు ముందు ఆ కాగితాన్ని మా పక్కింటి పెద్దావిడకు ఇచ్చి చదవమన్నాను. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివారు. చదివి కాగితం తిరిగి ఇస్తూ, ‘ఇది గేదెలున్నవాళ్లకు కదా బాబూ, మా మనవణ్ణి కుక్క కరిస్తే ఏం చేయాలో ఇందులో లేదే’ అన్నారు.

ఆ మాట విన్నాక నాకు అనుమానం మిగల్లేదు. మన దేశంలో ఆ జబ్బు మనుషులకు సోకేది ఎక్కువగా కుక్క కాటు వల్లనే. ఆ కరపత్రంలో కుక్కే లేకుండా పోయింది. ‘కుక్క, పిల్లి, కోతి వంటి ఏ జంతువు కరిచినా, గీరినా’ అని మార్చి పంపాను. సామాన్య పదం ఒక్కటే పెట్టి వదిలేయకుండా రెండు మూడు విశేష పదాలు ముందు నిలబెట్టడం గమనించండి. ‘జంతువు’ అన్న ఒక్క మాటతో కోతి ఎవరికీ చప్పున తోచదు. ప్రాణం మీదికి వచ్చే చోట సామాన్య పదాన్ని ఉదాహరణలతో కలిపే వాడాలన్నది అప్పటి నుంచి నేను తప్పని నియమం.

ఇక అసలు తేడా ఎక్కడుంది? ‘జంతువు’ పుట్టుకను బట్టి వచ్చిన మాట. జన్మ, జనం, జాతి అన్న మాటలు వచ్చిన ‘జన్’ ధాతువు నుంచే ఇదీ వచ్చింది. పుట్టినది జంతువు. సంస్కృతంలో మనిషిని కూడా ఈ మాటతో చెప్పవచ్చు. ‘పశువు’ అలా కాదు. ఒక ప్రాణి పశువు అవునో కాదో తేల్చేది దాని ఒళ్లు కాదు, మనిషితో దానికున్న సంబంధం. అడవిదున్నను చూడండి. కొమ్ములు, గిట్టలు, నెమరువేత అన్నీ మన ఎద్దుకున్నవే. అయినా దాన్ని తెలుగులో ఎవరూ పశువు అనరు. కొట్టంలో కట్టేసేది, మేపేది, పాలు పితికేది, కాడికి కట్టేది పశువు.

ఈ ఆస్తి భావం ఈ మాటకు మొదటి నుంచీ ఉంది. లాటిన్‌లో దీని చుట్టపు మాట ‘పెకుస్’ అంటే మంద. దాని నుంచే డబ్బుకు ‘పెకూనియా’ అన్న మాట పుట్టింది. మనం పశుసంపద, గోధనం అంటున్నాం, దారి అదే. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో జంతువుల అమరిక చూసినా ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. సింహం, పిల్లి, పక్షులు, పురుగులు సింహాదివర్గంలో ఉంటే ఏనుగు, గుర్రం క్షత్రియవర్గంలోకి వెళ్లాయి. ఆవు, మేక, గొర్రె, ఒంటె వైశ్యవర్గంలో ఉన్నాయి. ఆ ఏర్పాటు కాళ్లూ తోకలూ చూసి చేసింది కాదు, ఎవరి బతుకుతో ఏది ముడిపడి ఉందో చూసి చేసింది.

ఆస్తి కొలబద్ద అయినప్పుడు ఈ మాట ఎంత దూరం సాగుతుందో చట్టాలు చూపిస్తాయి. పరాయి చేలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలడం గురించి బ్రిటిషువారు 1871లో ఒక చట్టం తెచ్చారు. అందులో పశువులంటే ఆవులు, గేదెలతో పాటు గుర్రాలు, గాడిదలు, పందులు, మేకలు, ఒంటెలు, చివరికి ఏనుగులు కూడా. యజమాని ఉన్న ఏనుగు తోటను తొక్కేస్తే నష్టం కట్టాల్సిన మనిషి ఒకడు ఉంటాడు, చట్టానికి కావలసింది అదే. మరోవైపు జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే 1960 నాటి చట్టంలో ‘జంతువు’ అంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవి అయినా సరే. ఇక్కడ యజమాని ఉన్నాడా లేడా అన్న ప్రశ్నే లేదు. రెండు చట్టాల పేర్లలో ఈ రెండు మాటలను అటూ ఇటూ చేస్తే రెండూ చెడిపోతాయి.

లెక్కల్లో ఈ తేడా ఎంత ఉంటుందో చెబుతాను. 2019లో జరిగిన 20వ పశుగణనలో దేశం మొత్తం మీద పశువులు దాదాపు 53.58 కోట్లు అని తేలింది. ఇందులో ఆవులు, ఎద్దులు కలిపి 19.25 కోట్లు, గేదెలు, దున్నలు 10.98 కోట్లు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం మేకలు, గొర్రెలు. ఇప్పుడు ఒక రైతును ‘మీకు పశువులు ఎన్ని?’ అని అడగండి. ఆవులు, ఎద్దులు, గేదెలు లెక్కపెట్టి చెబుతారు. దొడ్లో నాలుగు మేకలున్నా ఆ లెక్కలో కలపరు. ఆయన అర్థంలో అయితే దేశంలో పశువులు 30 కోట్ల పైచిలుకే. ఒకే మాట, ఆఫీసు అర్థానికీ ఇంటి అర్థానికీ నడుమ 23 కోట్ల తేడా. కోళ్లు మరో 85 కోట్లు ఉన్నాయి. పశుగణనలో వాటినీ లెక్కిస్తారు గాని పశువుల మొత్తంలో కలపరు, వేరే పద్దు.

అందుకే నిఘంటువులో ఈ మాటకు రెండు అర్థాలు వేరువేరుగా ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. ఒకటి ‘మనుషులు పెంచుకునే ఆవు, ఎద్దు, గేదె మొదలైనది’, రెండోది ‘పాడికి, సేద్యానికి, మాంసానికి, బరువు మోయడానికి పెంచే ఏ నాలుగు కాళ్ల జంతువైనా’. ఒక్క మాటలో ‘జంతువు’ అని ఇచ్చేస్తే చదివేవారికి పై మెట్టు మాత్రమే చేతికి అందుతుంది, అక్కడి నుంచి దిగే దారి తెలియదు. అర్థం చెప్పడమంటే ముందు ఏ జాతిదో చెప్పి, తర్వాత ఆ జాతిలో మిగతావాటి నుంచి దేనివల్ల వేరో చెప్పడం. మీ నిఘంటువు మొదటి పని చేసి రెండోది వదిలేసింది.

మేకలను లెక్కలో కలపరన్నాను కదా, వాటి పేరు చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. గొర్రెలు, మేకలు కాసేవారు తమ మందను ‘జీవాలు’ అంటారు. ‘జీవాలను కొండకు తోలుకెళ్లాడు’ అంటే గొర్రెలనూ మేకలనే, ఎద్దులను కాదు. పుట్టుకను బట్టి చూస్తే జీవం అన్నది అన్నిటికంటే విశాలమైన మాట. కాపరి నోట అదే అన్నిటికంటే ఇరుకైంది. ‘పశువులు, జీవాలు’ అని జంటగా చెప్పినప్పుడు ఒకదానిలో ఒకటి లేదు, పక్కపక్కన నిలిచాయి. మాట పుట్టుక చూసి అది సామాన్యమా విశేషమా అని తేల్చేయకూడదనడానికి నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ ఇదే. ఎవరు, ఎక్కడ, ఏ పని చేస్తూ అన్నారో చూడాలి.

ఇప్పుడు ‘జంతువు’ వైపు రండి. ఇది కూడా ఒకే కొలతలో ఉండదు. జంతుశాస్త్రంలో చీమ, చేప, కాకి, మనిషి అన్నీ జంతువులే. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు కాకిని జంతువు అనం. ‘జంతువులు, పక్షులు’ అని వేరుచేస్తాం. ఎందుకంటే పక్షి, చేప, పురుగు, పాము అన్న మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవి తమ వంతు తీసుకోగా మిగిలిన చోటులో ‘జంతువు’ ఉంది. సామాన్య పదం వాడుకలో ఎంత మేర విస్తరిస్తుందో దాని కింద ఉన్న విశేష పదాలే తేలుస్తాయి. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నవాటిలో దీన్ని అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావిస్తాను.

ఇందువల్లనే, తర్కం ప్రకారం తప్పు కాని వాక్యం తెలుగులో తప్పవుతుంది. ‘మా జంతువు రెండు రోజులుగా మేత ముట్టడం లేదు’ అని గేదె గురించి ఎవరూ చెప్పరు. గేదె జంతువే కాబట్టి అబద్ధం ఏమీ లేదు. అయినా వినేవారు ఇంట్లో ఏ వింత ప్రాణిని పెంచుతున్నారో అనుకుంటారు. ‘చెరుకు తోటలో ఏదో జంతువు తిరుగుతోంది’ అంటే అది ఆవు కాదు, కుక్క కాదు, పేరు తెలియనిది, బహుశా ప్రమాదమైనది అని వినేవారు అర్థం చేసుకుంటారు. చేతిలో విశేష పదం ఉండగా సామాన్య పదం వాడితే, ఆ విశేష పదం ఇక్కడ పొసగదని చెప్పినట్టే అవుతుంది. అనువాదాల్లో పేరా నిండా ‘జంతువు’ అని కనిపిస్తే నేను ఆగి, ఇక్కడ మన మనిషి ఏ మాట అంటాడు అని అడుగుతాను. పదిలో ఏడెనిమిది సార్లు పశువు అనో, గొడ్డు అనో, నేరుగా ఎద్దు అనో రాయాల్సి వస్తుంది.

ఒక మినహాయింపు. సమాసంలో చేరితే ‘పశు’ కొంచెం వెడల్పవుతుంది. కుక్కను పశువు అనం గాని దానికి జబ్బు చేస్తే పశువైద్యుడి దగ్గరికే తీసుకువెళ్తాం. చిలుక రెక్క విరిగినా చూసేది ఆయనే. అలాగని పశువైద్యుడు కుక్కను చూస్తాడు కాబట్టి కుక్క పశువే అని వాదించకూడదు. సమాసం ఒకసారి స్థిరపడ్డాక దాని అర్థం దానిది. శైవంలో పతి, పశువు, పాశం అన్నప్పుడు పశువంటే బంధంలో ఉన్న జీవుడు, అంటే మీరూ నేనూ. అథర్వవేదంలో ఐదు పశువులను లెక్కపెట్టినప్పుడు ఆవు, గుర్రం, మేక, గొర్రెలతో పాటు మనిషి కూడా ఉన్నాడు. పాత సంస్కృత గ్రంథం చదివేటప్పుడు నేటి తెలుగు కొలతను అక్కడ పెట్టకండి.

హిందీ ‘పశు’ సంగతీ ఇంతే. అక్కడ ఆ మాట పులికి కూడా చాలినంత వెడల్పుగా ఉంది, కాబట్టి ఆ పుస్తకంలో తప్పేమీ లేదు. అక్షరాలు ఒకటే కావడంతో కొలత కూడా ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కు. దీనికి అందమైన జోడు ‘మృగం’. వేటకు మృగయ అన్న పేరు ఈ మాట నుంచే వచ్చింది. సంస్కృతంలో అడవి జంతువుకూ చెల్లుతుంది, జింకకూ చెల్లుతుంది. మృగరాజు అన్నప్పుడు సామాన్యం, మృగనయన అన్నప్పుడు జింక. మలయాళంలో ఇప్పటికీ ఏ జంతువైనా మృగమే. కన్నడంలో జంతుప్రదర్శనశాలను మృగాలయ అంటారు. తెలుగులో మాత్రం మృగం అనగానే కోరలు, గోళ్లు కనిపిస్తాయి. ఒకే మాట ఇరుగుపొరుగు భాషల్లో వేరువేరు కొలతల్లో ఉంది. ఇంగ్లీషులో ‘డీర్’ కూడా వెయ్యేళ్ల కిందట ఏ జంతువుకైనా చెల్లేది, ఇప్పుడు జింక ఒక్కటే మిగిలింది. దాని జర్మన్ తోబుట్టువు ‘టియర్’ మాత్రం నేటికీ జంతువే.

మాటలు ఇలా మెట్లు ఎక్కడాన్ని, దిగడాన్ని భాషాశాస్త్రంలో అర్థవ్యాకోచం, అర్థసంకోచం అంటారు. ‘నూనె’ ఎక్కిన మాట. నువ్వుల నుంచి తీసిన నెయ్యి కాబట్టి నూనె అయింది, ఇప్పుడు కొబ్బరిదీ నూనే, వేరుశనగదీ నూనే. సంస్కృతంలో తిలల నుంచి వచ్చిన తైలం కూడా సరిగ్గా ఇదే దారిలో నడిచింది. ‘నెయ్యి’ దిగిన మాట, ఒకప్పుడు ఏ చమురుకైనా చెల్లి ఇప్పుడు వెన్న కాచినదానికే మిగిలింది.

తిట్టుగా వాడినప్పుడు కూడా ఈ మూడు మాటలు కలవవు. మనిషిని పశువు అంటే ఆలోచన లేనివాడని, నీతీ సిగ్గూ లేనివాడని. మృగం అంటే క్రూరుడని. జంతువు అని ఊరికే తిట్టరు, ‘వింత జంతువు’ అని ముందు ఒక విశేషణం తగిలిస్తేనే అది మాటగా పలుకుతుంది. సామాన్య పదానికి సొంత రుచి తక్కువ, అందుకే తిట్టడానికి ఒంటరిగా పనికిరాదు.

రాసేటప్పుడు ఏది వాడాలో తేలకపోతే నేను చేసేది చెబుతాను. ముందు మనసులో ఉన్న అసలు ప్రాణి పేరు అనుకుంటాను. అది ఒక్కటే అయితే ఆ పేరే రాస్తాను, మెట్టెక్కను. రెండు మూడు రకాలు కలిసి ఉండి, అన్నీ కొట్టంలోవే అయితే పశువులు. గొర్రెలు, మేకలే అయితే జీవాలు. పెంపుడువీ అడవివీ కలిసి ఉంటే జంతువులు. నెమలి, తాబేలు లాంటివి కూడా ఆ గుంపులో ఉండి అన్నీ అడవివే అయితే ‘వన్యప్రాణులు’, అక్కడ మృగం అనకూడదు. నెమలిని మృగం అన్న వార్త ఒకటి నేనే అచ్చుకు వెళ్లకముందు ఆపాను.

మీ అమ్మాయి వాక్యం ‘పులి మన జాతీయ జంతువు’ అనే ఉండాలి. నెమలి గురించి రాస్తే ‘జాతీయ పక్షి’ అని రాయమనండి. శాస్త్రం ప్రకారం పక్షి కూడా జంతువే కదా అని తను అడిగితే, ఆ ప్రశ్న సరైనదేనని మెచ్చుకుని, పైన మిగిలిన చోటు గురించి రాసిన పేరా చదివి వినిపించండి. నిఘంటువులో ‘పశువు’ పక్కన ఖాళీ ఉంటే పెన్సిలుతో ‘పెంచుకునేది’ అని తన చేతే రాయించండి.